ప్రజల రంగస్థలము: డాక్టరు రాజారావుగారు

పోలవరమనగానే పండితలోకమునకు జమీందారుగారి ఆస్థానమును, అందు వెలసిన తిరుపతి వేంకటకవులును స్ఫురింతురు. పాండవోద్యోగ విజయముల పద్యములు నేర్వని పల్లె తెలుగునాట నరుదు. కవికి పోషకుడు ప్రభువు. అది నాటి మర్యాద. అదే గోదావరికి దిగువన, రాజమహేంద్రవరమున 1915లో జన్మించిన డాక్టరు గరికపాటి రాజారావుగారు వేఱొక పోషకుని వెదకికొనిరి. ఆ పోషకుడు కూలివాడు.

వారు వృత్తిచే వైద్యులు, అభిరుచిచే నటులు, అభిప్రాయములచే కమ్యూనిస్టులు. 1942 నాటి మహోద్యమమునెడ ఆ పక్షము వహించిన వైఖరిని మేము సమర్థింపజాలము. అంతమాత్రమున కళాసేవను కాదనుట న్యాయము గాదు. వంగదేశము క్షామముచే అలమటించుచుండిన 1943లో ఆంధ్ర ప్రజానాట్యమండలి యుదయించెను. దానికి ప్రాణము రాజారావుగారు. నాజరుగారి బుర్రకథ ఆ నీడనే వర్ధిల్లెను.

సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుగారలు రచించిన ‘మా భూమి’ని 1947లో వీరే ప్రయోగించిరి. 1940లో విసునూరు దేశముఖు మనుష్యులచే హతుడైన బందగీ యను రైతు కథ దానికి ప్రేరణము. అందు కిరీటములు లేవు, దీర్ఘమగు రాగాలాపనలు లేవు. రైతు పొలముగట్టున మాటాడు మాటయే రంగమున వినవచ్చెను. భూవసతి గల మా పాఠకులలో కొందఱికి ఆ కథ చేదుగా నుండవచ్చును. చేదైనను వినదగినదే.

మదరాసు ప్రభుత్వము దానిని నిషేధించెను. అప్పుడు గద్దెపై నున్నవారెవరు? నిన్నమొన్నటిదాక చెఱసాలలలో మ్రగ్గిన కాంగ్రెసువారే! మాకు మనస్తాపము గలిగించునది ఇదియే. వంగ రంగస్థలము నోరు నొక్కుటకై తెల్లదొరలు 1876లో నాటక ప్రదర్శనల చట్టమును గావించిరి. ఆ బుద్ధి దొరలతో ఓడయెక్కి పోలేదు. కలకత్తాలో ఉత్పలదత్తుగారు నావికుల తిరుగుబాటుపై ‘కల్లోల్’ నాడించిన 1965లోనే వారిని విచారణ లేకయే నిర్బంధించినదియు కాంగ్రెసు ప్రభుత్వమే.

దత్తుగారికి తరువాత దీర్ఘాయువును, దేశవ్యాప్తమగు కీర్తియు లభించినవి. రాజారావుగారికి అంత అదృష్టము లేదు. 1953లో ‘పుట్టిల్లు’ చిత్రమును తీసి, జమున యను బాలికను తెఱకు పరిచయము చేసిరి. నటి నిలిచినది, చిత్రము నిలువలేదు. 1963లో, ఏబదియేండ్లయిన నిండకయే వారు గతించిరి.

ఆ 1876 చట్టము మాత్రము స్వతంత్ర భారతమున మఱి డెబ్బదియేండ్లు బ్రదికి, 2018లో గాని రద్దు కాలేదు.