తారల తనువులు – గృహిణుల యారోగ్యము

ఇప్పుడు ఏ యింట జూచినను చేతిఫోను తెఱపై ఒక జంటచిత్రము ప్రత్యక్షమగుచున్నది. ఎడమవైపున స్థూలదేహము, కుడివైపున ఉలితో చెక్కినట్టి సన్నని దేహము. రెండును ఒక్కరివే. ఆ యొక్కరు పేరుగన్న సినిమాతార. ఇన్ని నెలలలో ఇన్ని కిలోలు తగ్గిరని క్రింద వ్రాసియుండును. దానిని జూచిన గృహిణికి రెండు భావములు ఒక్కమాఱే కలుగును. “ఆమెకు సాధ్యమైనది నాకేల కాకూడదు?” అనునది మొదటిది. “నేనేల యిట్లుంటిని?” అనునది రెండవది. ఈ రెంటిలో ఏది మనస్సున నిలుచునో దానిని బట్టియే ఆ చిత్రము మేలు చేసినదో కీడు చేసినదో నిర్ణయింపవలసియున్నది. ఈ విషయమునే ఈ నెల మన సోదరీమణులతో ముచ్చటింపదలచితిమి.

ప్రసిద్ధుల దేహమును జూచి సామాన్యులు ఉత్సాహపడుట క్రొత్త సంగతి కాదు. ప్రష్యా దేశమున 1867లో జన్మించిన యూజెన్ సాండో తన కండలను ప్రదర్శించుచు లోకమంతయు తిరిగెను. ఇరువదవ శతాబ్ది ప్రారంభమున మన దేశమునకును వచ్చెను. ఆతని పేరు మన యిండ్లలో నేటికిని నిలిచియున్నది. చేతులు లేని బనియనును మనము సాండో బనియను అనుచున్నాము గదా! మన తెలుగునాట 1882లో వీరఘట్టమున బుట్టిన కోడి రామమూర్తినాయుడుగారు ఉక్కుగొలుసులు త్రెంచి, ఏనుగును ఱొమ్ముపై నిలుపుకొని, కలియుగభీముడని కీర్తి గాంచిరి. అట్టివారిని జూచి యువకులు తాలింఖానాలకు పరుగెత్తిరి. అయితే ఇచట ఒక సంగతి గమనింపదగినది. ఉత్సాహము గలిగిన బాలునకు ఊరిలో గోదా యుండెను, సాము నేర్పు గురువుండెను, తోడి పిల్లలుండిరి. ఆ గోదా గడపను ఆడుబిడ్డలు త్రొక్కుటకు వీలు లేకుండెను. ఉత్సాహము నిప్పురవ్వ వంటిది. క్రింద కట్టెలున్నగాని అది మంట గానేరదు.

ప్రసిద్ధుల మాట జనులను కదల్చునా యన్న, కొన్ని పనులలో నిశ్చయముగా కదల్చును. అమెరికా సినిమాతార ఆంజెలినా జోలీ, తనకు వంశపారంపర్యముగా కాన్సరు భయము గలదని తెలిసి, ముందుజాగ్రత్తగా రెండు రొమ్ములకును శస్త్రచికిత్స చేయించుకొంటినని 2013 మే నెలలో పత్రికాముఖమున ప్రకటించెను. ఆ వేసవిలో ఇంగ్లాండునందు అట్టి పరీక్షలకై వైద్యుల చెంతకు పంపబడిన స్త్రీల సంఖ్య అంతకుముందు సంవత్సరమునకన్న సుమారు రెండున్నర రెట్లయ్యెను. అమెరికాకే చెందిన టెలివిజను వార్తాకారిణి కేటీ కూరిక్, భర్త పెద్దప్రేవు కాన్సరుతో గతించిన పిమ్మట, 2000 సంవత్సరమున తాను ఆ పరీక్ష చేయించుకొనుటను టెలివిజనులోనే చూపెను. తరువాత కొన్ని మాసములపాటు అట్టి పరీక్షలు హెచ్చినవి. కాని ఈ రెండును ఒక్కసారి గడప దాటి చేయించుకొని వచ్చు పనులు. దినదినము నడచుట, దినదినము మితముగా భుజించుట అట్టివి కావు. ఒకనాటి ధైర్యము వేఱు, వేయినాళ్ల యలవాటు వేఱు.

ఈ భేదమునకు ఓప్రా విన్‌ఫ్రీ జీవితమే తార్కాణము. అమెరికాలో కోట్లమంది స్త్రీలు ఆమె టెలివిజను గోష్ఠిని చూచుచుండెడివారు. 1988 నవంబరులో ఆమె, కొన్ని నెలలు ద్రవాహారము మాత్రమే పుచ్చుకొని సన్నబడి, తాను పోగొట్టుకొనిన బరువునకు సరిగా సుమారు 30 కిలోల క్రొవ్వును చిన్నబండిపై నుంచి లాగుచు రంగస్థలము మీదికి వచ్చెను. చూచినవారు కరతాళధ్వనులు చేసిరి. కాని మరల అన్నము ముట్టినది మొదలు ఆ బరువు తిరిగి రాసాగెను. ఆ తరువాత ముప్పదియైదేండ్లు ఆమె తగ్గుట, పెరుగుట లోకమంతయు చూచుచునే యుండెను. తుదకు 2023 డిసెంబరులో, తాను బరువు తగ్గించు మందును వాడుచున్నానని ఆమె బహిరంగముగా జెప్పెను. ధనము, వంటవారు, వైద్యులు, వ్యాయామగురువులు అందఱు నున్న యామెకే ఇంత కష్టమైనప్పుడు, ఇది కేవలము పట్టుదలకు సంబంధించిన విషయము కాదని తెలియుట లేదా?

శాస్త్రజ్ఞులును ఈ మాటయే చెప్పుచున్నారు. ఎవరు ఎక్కువ బరువు తగ్గుదురో చూపు పందెమొకటి అమెరికా టెలివిజనులో 2004లో ప్రారంభమై మిక్కిలి ప్రసిద్ధి కెక్కెను. అందు పాల్గొనినవారిలో 14 మందిని ఆఱేండ్ల తరువాత పరీక్షించి, ఆ ఫలితములను 2016లో ప్రకటించిరి. పందెపుకాలమున వారు సగటున 58 కిలోలు తగ్గిరి. ఆఱేండ్లలో 41 కిలోలు తిరిగి వచ్చినవి. అంతకన్న విచిత్రమేమనగా, ఊరక కూర్చుండియున్నప్పుడు వారి దేహములు ఖర్చుపెట్టు శక్తి, ఆ బరువుగల యితరుల దేహములకన్న దినమునకు సుమారు 500 కాలరీలు తక్కువగా నుండెను. అనగా హఠాత్తుగా పస్తుపెట్టిన దేహము కఱవు వచ్చినదని యెంచి, గట్టి యిల్లాలివలె పొదుపు చేయ మొదలిడెను. ఇది దేహము చేసిన తప్పు కాదు; ప్రాణరక్షణకై ప్రకృతి నేర్పిన విద్య.

ఇక మన దేశపు తారల సంగతి చూతము. ఆమిర్‌ఖాన్ 2016లో వెలువడిన “దంగల్” చిత్రమునకై తన బరువును 97 కిలోలవరకు పెంచి, ముందుగా ముసలితనపు ఘట్టములను చిత్రీకరించి, పిమ్మట కొన్ని నెలల కఠినశ్రమతో తగ్గి, యౌవనపు ఘట్టములలో నటించెను. మన యనుష్కాశెట్టి 2015 నాటి “సైజ్ జీరో” చిత్రములోని పాత్రకై బరువు పెంచుకొనెను. సన్నబడుట పేర జరుగు వ్యాపారమును విమర్శించిన చిత్రమది. వీరి కృషిని మేము చిన్నచూపు చూచుట లేదు. కాని తారకు దేహమే జీవనోపాధి. వ్యాయామము ఆమె కొలువులో భాగము. తూచి వండి పెట్టువారు వేఱుగా నుందురు. నిద్రకు, విశ్రాంతికి వేళలు నిర్ణయింపబడియుండును. దీపకాంతియు, చిత్రకారుని నేర్పును తక్కినది పూర్తిచేయును. తెల్లవాఱకమున్నే లేచి, పిల్లలకు క్యారేజీలు సర్ది, అత్తమామలకు మందులిచ్చి, అందఱు తిన్న పిమ్మట మిగిలినది తిను నిల్లాలు తన దేహమును ఆ చిత్రముతో పోల్చుకొనుట న్యాయమా?

ఆ పోలిక ఒక్కొక్కప్పుడు ప్రమాదమునకు దారితీయును. తారలకును అది తప్పుట లేదు. తెలుగు ప్రేక్షకులకు ప్రియురాలైన నటి ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ నెలలో అమెరికాయందు 31 ఏండ్ల ప్రాయముననే మరణించెను. అంతకు కొన్ని వారములకు ముందు ఆమె క్రొవ్వు తీయు శస్త్రచికిత్స చేయించుకొనియుండెనని పత్రికలు ప్రకటించినవి. ఆమె మరణమునకు అదియే కారణమని మేము చెప్పబోము. కాని సన్నగా నుండవలెనను ఒత్తిడి తారలపై నెంత భారముగా నుండునో తలచుకొన్న మనస్సు కలుక్కుమనును.

మన యిండ్లలో మఱియొక యపాయము గలదు. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము, ఆంధ్రప్రదేశమున 36.3 శాతము స్త్రీలు, తెలంగాణమున 30.1 శాతము స్త్రీలు ఉండవలసినదానికన్న అధికమైన బరువు గలవారు. దేశమంతటి సగటు 24 శాతమే. కావున బరువును గుఱించి ఆలోచింపనక్కఱలేదని మే మనుట లేదు. అయితే అదే పరిశీలనలో ఆంధ్రప్రదేశమున 58.8 శాతము, తెలంగాణమున 57.6 శాతము స్త్రీలకు రక్తహీనత యున్నదని తేలినది. అనగా లావుగా గనుపడు స్త్రీయే రక్తము లేక పాలిపోయి యుండవచ్చును. అట్టి యామె తారను జూచి పూటభోజనము మానివేసినచో, క్రొవ్వు కరగుటకు ముందే సత్తువ కరగును. మనకు కావలసినది తక్కువ తిండి కాదు, సరియైన తిండి.

అట్లయిన ప్రసిద్ధుల యాదర్శము వ్యర్థమేనా? కాదు. ఎట్టి యాదర్శమన్నదే ప్రశ్న. శ్రీకాకుళపు ప్రాంతమున పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో 240 కిలోల బరువెత్తి కంచుపతకము గొని, ఆ క్రీడలలో పతకము గాంచిన మొదటి భారతస్త్రీ యయ్యెను. ఆమె 69 కిలోల తరగతిలో పోటీ చేసెను. ఆమె నెంత సన్నబడితివని యెవరు నడుగలేదు; ఎంత యెత్తితివనియే యడిగిరి. విజయనగరపు జిల్లాలోని కొండవెలగాడ గ్రామమున పలువురు బాలికలు బరువులెత్తు విద్య నభ్యసించిరి. ఆ గ్రామపు బిడ్డ మత్స సంతోషి 2014 కామన్‌వెల్తు క్రీడలలో పతకము సాధించెను. కోడి రామమూర్తిగారి నాడు ఆడువారికి లేని గోదా ఆ పల్లెలో ఏర్పడినది. తనవంటి బిడ్డ, తన వీధి బిడ్డ, తన కన్నులయెదుట చేయుచుండగా జూచిన బాలికకు “నేనును చేయగలను” అను భావము నిలుచును. దూరపు తారకన్న దగ్గరి దీపము మేలు.

మఱి మన స్త్రీలేల కదలకున్నారు? మన దేశమున 2022లో 57 శాతము స్త్రీలకు చాలినంత వ్యాయామము లేకుండెనని 2024లో ప్రకటింపబడిన యొక గొప్ప పరిశీలన తెలుపుచున్నది. పురుషులలో అట్టివారు 42 శాతము. పూర్వము రోకలిపోటు, తిరుగలి, నూతినీరు స్త్రీలకు వ్యాయామమై యుండెనని పెద్దలందురు. నిజమే కాని, ఆ చాకిరితో నడుము వంగిన తల్లులను మఱచి దానిని పొగడరాదు. నేడు యంత్రములు ఆ శ్రమను తగ్గించినవి. ఆ మిగిలిన కాలము స్త్రీ చేతికి రాలేదు. వేఱు పనులు దానిని మ్రింగినవి. ఆమెకు లోపించినది ఉత్సాహము కాదు. అరగంట కాలము, నిర్భయముగా నడచుటకు ఇంత చోటు.

కావున తారను జూచి కలిగిన యుత్సాహము చల్లారకమున్నే చేయదగిన కొన్ని పనులను సూచించుచున్నాము. మొదట త్రాసు నెక్కుటకు బదులు టేపుతో నడుము కొలుచుకొనుడు. మన దేశపు స్త్రీలకు అది 80 సెంటీమీటర్లు దాటినచో మధుమేహము, గుండెజబ్బుల విషయమున జాగ్రత్తపడవలెను. రక్తపరీక్ష చేయించుకొని రక్తహీనత, మధుమేహము, థైరాయిడు సంగతి తెలిసికొనుడు. ప్రపంచారోగ్యసంస్థ 2020లో చెప్పినట్లు వారమునకు కనీసము 150 నిమిషములు, అనగా వారమున ఐదు దినములు అరగంట చొప్పున, మాటలాడుటకు వీలై పాడుటకు వీలుగానంత వేగముతో నడచిన చాలును. దానిని పదేసి నిమిషములుగా విభజించినను ఫలము పోదు. వారమునకు రెండుమాఱులు కండరములకు బలమిచ్చు పని చేయవలెను. కుర్చీలోనుండి చేతులూనక పదిమాఱులు లేచి కూర్చుండుట, నీళ్లు నింపిన సీసాల నెత్తుట మొదటికి చాలును.

భోజనవిషయమున, హైదరాబాదునందలి జాతీయ పోషకాహారసంస్థ 2024లో వెలువరించిన సూచనలు మనకు ఆధారము. కంచములో సగము కూరలు, ఆకుకూరలు, పండ్లు ఉండవలెను. తక్కిన సగమున అన్నమో రొట్టెయో, పప్పుదినుసులో గ్రుడ్డో చేపయో యుండవలెను. మన కంచములలో అన్నము కొండయై, కూర ఊరగాయయంత యుండుట వాడుక. దానిని తలక్రిందులు చేసిన చాలును. డబ్బాలలోని ప్రోటీను పొడులు వలదని ఆ సంస్థయే హెచ్చరించినది. ఇటీవల మన దేశమునకు వచ్చిన బరువు తగ్గించు సూదిమందులు కొందఱికి నిజముగా నుపకరించును. కాని వైద్యుని పర్యవేక్షణ లేక వానిని తాకరాదు. అట్టి మందును మానిన యేడాదిలో తగ్గిన బరువున మూడింట రెండువంతులు తిరిగి వచ్చినట్లు పరిశోధన తెలిపినది.

ఈ పనులన్నియు ఇల్లాలు ఒక్కతెయే చేయజాలదు. సాయంకాలము అరగంట భర్త పొయ్యియొద్ద నిలిచినచో, కొడుకు అంట్లు కడిగినచో, అత్తగారు “పోయి రా తల్లీ” అన్నచో, పదిమంది తారల చిత్రములు చేయజాలని మేలు ఆ యొక్కమాట చేయును. వీధిలోని నలుగురు స్త్రీలు కలిసి నడచినచో వెఱపును పోవును, విసుగును పోవును. తారల చిత్రములు మనకు ఉత్సాహము నిచ్చినచో సంతోషమే. సిగ్గును మాత్రమే మిగిల్చినచో వానిని త్రోసివేసి, చెప్పులు తొడిగికొని, ప్రక్కింటి సోదరిని పిలువుడు. ఆరు మాసముల తరువాత మేడమెట్లు ఆయాసము లేక ఎక్కగలిగిననాడు, మీ కూతురు మిమ్ము జూచి తానును వెంట బయలుదేరును. ఆ బిడ్డకు మీరే తార.