చిన్న దీవికి సొంత వాతావరణ కేంద్రం ఎందుకు?

ఫోన్‌లోనే వాన కబురు వస్తుంటే చిన్న దీవికి వేరే వాతావరణ కేంద్రం దండగ కదా అంటారు మనలో కొందరు. నేను ఒప్పుకోను. ఇంగ్లిష్ ఛానెల్‌లోని జెర్సీనే చూడండి. పొడవు సుమారు 14 కిలోమీటర్లు, వెడల్పు 8. ఐరోపా వాళ్ల కంప్యూటర్ నమూనా ప్రపంచాన్ని దాదాపు 9 కిలోమీటర్ల గళ్లుగా లెక్కిస్తుంది. అంటే దీవంతా కలిపి రెండు గళ్లే! సముద్రపు పోటుకూ పాటుకూ మధ్య 12 మీటర్ల దాకా తేడా ఉండే ఆ తీరంలో, గాలి తోడైతే నీళ్లు ఎటు పొంగుతాయో అక్కడే ఉండి చూసేవాళ్లకే బాగా తెలుస్తుంది.

2023 నవంబరులో సియారన్ తుఫానుకు ముందే అక్కడి కేంద్రం ఎర్ర హెచ్చరిక ఇచ్చింది, బడులు మూసేశారు. గాలి గంటకు 160 కిలోమీటర్లు దాటింది. ఇళ్ల కప్పులు లేచిపోయాయి గానీ దీవిలో ప్రాణాలు దక్కాయి. ఆ రాత్రి సుడిగాలి ఏ వీధిలో దూరుతుందో మాత్రం ముందే చెప్పడం ఎవరి తరమూ కాలేదు. అంచనాకు ఆ హద్దు ఉంది. హద్దు ఉందని హెచ్చరికను కొట్టిపారేస్తే నష్టం మనకే.