మన జీడిపిక్క ధర ఎవరి చేతిలో ఉంది?



ఉద్దానంలో జీడితోట ఉన్న ఇంటి పిల్లలూ, పలాసలో పప్పు ఒలిచే తల్లుల పిల్లలూ మన హాస్టల్లో ఒకే వరుసలో కూర్చుని అన్నం తింటారు. విదేశీ వ్యాపారం ఈ రెండు ఇళ్లనూ తాకుతుంది. ఎలాగో చూద్దాం.

ఓడలో వచ్చే పిక్క: మన పిక్కలు వేసవిలోనే వస్తాయి. పలాస, కాశీబుగ్గ ఫ్యాక్టరీలు ఏడాదంతా నడవడానికి అవి చాలవు. అందుకే ఐవరీకోస్ట్, టాంజానియా వంటి ఆఫ్రికా దేశాల నుంచి పిక్కలు దిగుమతి అవుతాయి.

ధర లెక్క: విదేశీ పిక్కలు టన్ను 1,000 డాలర్లు, డాలరు 80 రూపాయలు అనుకుందాం. కిలో 80 రూపాయలు. 2.5 శాతం సుంకం కలిపితే 82. రవాణా ఖర్చులు పోను, 80 కిలోల బస్తా 6,560 రూపాయలకు దొరుకుతుంది. అలాంటప్పుడు వ్యాపారి మన రైతుకు అంతకంటే బాగా ఎక్కువ ఎందుకిస్తాడు? 2018 అక్టోబరు 11న వచ్చిన తిత్లీ తుపాను తోటల్ని నేలకూల్చింది. సరుకు తగ్గితే ధర పెరగాలని మన పాఠాల్లో చదువుకున్నాం. కాని ఆ లోటును ఓడ సరుకు పూడ్చితే పంటా పోతుంది, ధరా పెరగదు.

ప్రభుత్వం చేతిలో ఉన్నది: పిక్కలపై దిగుమతి సుంకాన్ని 2018 బడ్జెట్‌లో 5 నుంచి 2.5 శాతానికి తగ్గించారు. ఒలిచిన పప్పుపై మాత్రం 2019లో 45 నుంచి 70 శాతానికి పెంచారు. అంటే ఫ్యాక్టరీకి దొరికినంత రక్షణ తోటకు దొరకలేదు. 2023లో ఉద్దానం రైతులు బస్తాకు 16,000 రూపాయలు కావాలని ఆందోళన చేశారు. బస్తాకు సుమారు 20 కిలోల పప్పు వస్తుందనుకుంటే, కిలో పప్పులో పిక్కల ఖర్చే 800 అవుతుంది. వ్యాపారి వెనుకాడేది ఇక్కడే.

ఉల్లి సంగతి: జీడికి దిగుమతి దెబ్బ అయితే, ఉల్లికి ఎగుమతి నిషేధం దెబ్బ. 2023 డిసెంబరులో ఎగుమతి ఆపగానే సరుకంతా దేశంలోనే మిగిలి, రైతుకు ధర పడిపోయింది. 2024 మే నెలలో నిషేధం ఎత్తేశారు.

మరి దారేది? దిగుమతి పూర్తిగా ఆపితే ఒలిచే తల్లికి పని పోతుంది. విచ్చలవిడిగా వదిలేస్తే తోట పోతుంది. కోతల కాలంలో సుంకం పెంచి తర్వాత తగ్గించడం, మద్దతు ధర ప్రకటించి కొనడం, రైతులు పిక్కల్ని బాగా ఎండబెట్టి కలిసి అమ్ముకోవడం ఆలోచించదగ్గ మార్గాలు. ఈసారి సెలవులకు ఇంటికెళ్లినప్పుడు బస్తా ధరతోపాటు డాలరు ధర కూడా అమ్మానాన్నలకు చెప్పండి. మన చదువు ముందుగా మన కళ్లానికి ఉపయోగపడాలి.