నిలిపిన ట్రైలర్‌కు చక్రపు దిమ్మే బ్రేకు

సొంత ఇంజిన్ లేకుండా, పికప్ ట్రక్కుకో పెద్ద ఎస్‌యూవీకో వెనక తగిలించి లాక్కుపోయే చక్రాల ఇంటిని అమెరికాలో ట్రావెల్ ట్రైలర్ అంటారు. పడకలు, వంటగట్టు, స్నానాల గది, నీళ్ల ట్యాంకు అన్నీ అందులోనే అమరి ఉంటాయి. వాలీ బయమ్ స్థాపించిన ఎయిర్‌స్ట్రీమ్ సంస్థ 1936లో క్లిప్పర్ అనే నమూనాను తెచ్చిన కాలం నుంచీ ఈ వాహనం ఆ దేశపు సెలవుల జీవితంలో బాగా పాతుకుపోయింది. ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ ప్రాంతం నేటికీ దీని తయారీకి ప్రధాన కేంద్రం. ఎల్లోస్టోన్, గ్రాండ్ క్యానియన్ వంటి జాతీయ ఉద్యానవనాలకు కుటుంబంతో వెళ్లి నాలుగు రోజులు గడపదలచినవారు, అక్కడ స్థిరపడిన తెలుగువారితో సహా, దీన్ని కొనడమో అద్దెకు తీసుకోవడమో చేస్తుంటారు. అయితే దాన్ని ఎలా లాగాలన్న దాని మీద పెట్టినంత శ్రద్ధ, ఎలా నిలపాలన్న దాని మీద చాలామంది పెట్టరు. ప్రాణాపాయం మాత్రం నిలిపే చోటా ఉంది.

నిలిపిన ట్రైలర్‌కు రెండు రకాల కదలికలు ఉంటాయి. మొదటిది దొర్లడం, అంటే చక్రాలు తిరిగి వాహనం వాలు వైపు జారిపోవడం. రెండవది ఊగడం, అంటే వాహనం ఉన్నచోటనే ఉండి, లోపల మనుషులు నడిచినప్పుడల్లా అటూ ఇటూ కదలాడడం. దొర్లితే ప్రాణం మీదికి వస్తుంది, ఊగితే నిద్ర చెడుతుంది. ఈ రెండింటికీ వాడే సాధనాలు వేరు, వాటి పని వేరు. ఊగకుండా చేసేదాన్ని దొర్లకుండా చేసేదిగా పొరబడడమే ఈ విషయంలో జరిగే ముఖ్యమైన తప్పు. దొర్లకుండా ఆపే సాధనం పేరు వీల్ చాక్. ఇది చక్రానికీ నేలకూ మధ్య ఒదిగేలా దూర్చే రబ్బరు, గట్టి ప్లాస్టిక్, అల్యూమినియం లేదా కొయ్యతో చేసిన వాలుదిమ్మ.

ఇంత చిన్న దిమ్మకు అంత ప్రాధాన్యం రావడానికి కారణం ట్రైలర్ నిర్మాణంలోనే ఉంది. అమెరికాలో తయారయ్యే ట్రావెల్ ట్రైలర్లలో చాలావాటికి విద్యుత్ బ్రేకులు ఉంటాయి గాని, కారులో ఉండే హ్యాండ్ బ్రేకు వంటిది ఉండదు. ఆ విద్యుత్ బ్రేకులు లాగే వాహనం నుంచి వచ్చే సంకేతంతో పనిచేస్తాయి కాబట్టి తీగ ఊడదీసిన తరువాత వాటికి ఆ ఆజ్ఞ అందదు. దారిలో ట్రైలర్ అకస్మాత్తుగా విడిపోతే దాని సొంత బ్యాటరీతో బ్రేకులు పడేలా చేసే అత్యవసర మీట ఒకటి ఉన్నప్పటికీ, అది కొద్దిసేపటి ఆపదకు ఉద్దేశించినదే. రాత్రంతా దాని మీద ఆధారపడితే బ్యాటరీ అయిపోతుంది, దాంతో బ్రేకూ వదిలేస్తుంది. యూరప్ కారవాన్లకు సాధారణంగా హ్యాండ్ బ్రేకు మీట ఉంటుంది; అమెరికా ట్రైలర్‌లో ఆ స్థానం దిమ్మదే. తెలుగు పాఠకులకు రథోత్సవం గుర్తుకు తెస్తే ఈ సంగతి సులువుగా బోధపడుతుంది: ఏ బ్రేకూ లేని ఆ మహారథాన్ని నిలిపేది, చక్రాల పక్కనే నడుస్తూ వాటి కిందికి కొయ్యదిమ్మలు తోసే మనుషులే.

కంటికి చదునుగా కనిపించే నేల కూడా బరువైన చక్రాలకు చదును కాదు. గట్టి నేల మీద గాలి నిండిన టైరు దొర్లడానికి ఎదురయ్యే నిరోధం వాహనం బరువులో సుమారు నూటికి 1 వంతు మాత్రమే ఉంటుంది. అంటే 100 అడుగుల దూరానికి అడుగు, అడుగున్నర పల్లం ఉన్నా, బ్రేకు లేని ట్రైలర్ తనంతట తాను కదలవచ్చు. 2,700 కిలోల బరువున్న ఒక మధ్యరకం ట్రైలర్‌ను 100 అడుగులకు 5 అడుగులు దిగే వాలు మీద నిలిపితే, దాన్ని కిందికి లాగే బలం సుమారు 135 కిలోల బరువుకు సమానం. కదలడం మొదలైన తరువాత దాన్ని చేతులతో ఆపబోవడం ఎంతటి బలవంతుడికైనా ఆత్మహత్యాసదృశం. ఎవరూ అటువంటి ప్రయత్నం చేయకూడదు.

ట్రైలర్ జారిపోయే అవకాశం అన్నిటికంటె ఎక్కువగా ఉండేది దాన్ని లాగే వాహనం నుంచి విడదీసే క్షణంలో. ట్రైలర్ ముందుకు పొడుచుకొచ్చిన ఇనుప నొగ, లాగే వాహనం వెనక ఉన్న ఇనుప గుండు మీద టోపీలా కూర్చుంటుంది. ట్రైలర్ మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు ఆ నొగ మీదనే ఉంటుంది. విడదీయడానికి నొగకు అమర్చిన జాకీని తిప్పి దాన్ని పైకి లేపుతారు. టోపీ గుండును వదిలిన మరుక్షణం నుంచి, అంతదాకా పికప్ ట్రక్కు బ్రేకుల ఆధారంతో నిలిచిన బరువంతా దిక్కులేనిదవుతుంది. అప్పుడు చక్రాల కింద దిమ్మలు లేకపోతే ట్రైలర్ వాలుకు కదులుతుంది, సన్నని జాకీ కాలు ఒరుగుతుంది, మూడు నాలుగు వందల కిలోల నొగ నేలకు కూలుతుంది. విడదీసే పనిలో ఉన్న మనిషి వంగి ఉండేది సరిగ్గా దాని పక్కనే. ఇంకొక చిక్కు కూడా ఉంది. బరువును పికప్ ముందు చక్రాల మీదికి పంచే స్ప్రింగు కడ్డీలు వాడేవారు, వాటిని వదులు చేయడానికి నొగను ఇంకా తగిలించి ఉంచే జాకీతో ఎత్తుతారు. అప్పుడు పికప్ వెనక చక్రాల మీద భారం తగ్గి, ఆ చక్రాలనే పట్టి ఉంచే హ్యాండ్ బ్రేకు పట్టు సడలుతుంది. అందువల్ల జాకీ పిడి మీద చెయ్యి వేయడానికి ముందే దిమ్మలు చక్రాల కిందికి వెళ్లి ఉండాలన్నది మినహాయింపు లేని నియమం.

దిమ్మను ఎలా పెట్టాలన్నది కూడా తెలుసుకోదగిన విషయమే. టైరు వ్యాసంలో దాదాపు నాలుగోవంతు ఎత్తున్న దిమ్మను ఎంచుకోవడం మంచిదని వాడుకలో ఉన్న లెక్క. అది టైరు వెడల్పుకు నడిమధ్యన, వంకర లేకుండా, రబ్బరుకు ఆనుకుని ఉండాలి. నాలుగు వేళ్ల సందు వదిలినా, ఆ కొద్ది దూరంలోనే ట్రైలర్ వేగం పుంజుకుని దిమ్మను ఎక్కేయవచ్చు, లేదా తన్ని పక్కకు నెట్టవచ్చు. దిమ్మలు పెట్టిన తరువాత, డ్రైవరు పికప్‌ను న్యూట్రల్‌లో ఉంచి, బ్రేకు మీద కాలు సిద్ధంగా పెట్టుకుని మెల్లగా వదిలితే, ట్రైలర్ బరువు దిమ్మల మీద కూర్చుంటుంది. అవి ఆపుతాయో లేదో విడదీయకముందే, ఇంకా బ్రేకు చేతిలో ఉండగానే తెలిసిపోతుంది. వాలు స్పష్టంగా ఒకవైపే ఉంటే పల్లం వైపు దిమ్మలు తప్పనిసరి. అయినా కుడి ఎడమల రెండు వైపులా, చక్రానికి ముందూ వెనకా పెట్టడమే భద్రమైన పద్ధతి, ఎందుకంటే నొగను ఎత్తినప్పుడూ దించినప్పుడూ ఇరుసు కీలులా పనిచేసి చక్రాలు కొద్దిగా రెండు దిక్కులకూ దొర్లబోతాయి.

దిమ్మ విఫలమయ్యేది తరచు విరిగి కాదు, జారి. కంకర, తడి గడ్డి, మంచు కట్టిన తారు వంటి నేలల మీద తేలికైన నున్నటి ప్లాస్టిక్ దిమ్మ టైరుతో పాటే జారుకుంటుంది. అడుగున రబ్బరు పొర గాని పళ్లు గాని ఉన్న బరువైన దిమ్మ అటువంటి చోట నయం. దొరికిన రాయినో ఇటుకనో పెట్టి సరిపెట్టుకోవడం మన ఘాట్ రోడ్ల మీద లారీల దగ్గర చూస్తూనే ఉంటాము. గుండ్రాయి తానే దొర్లుతుంది, ఇటుక బరువుకు పగులుతుంది. పైగా లారీ కదిలిపోయాక ఆ రాయి రోడ్డు మీదనే మిగిలి, రాత్రివేళ వచ్చే ద్విచక్ర వాహనదారుడి పాలిట మృత్యువవుతుంది. వాలుగా కోసిన గట్టి కొయ్యదిమ్మ దానికంటె ఎన్నో రెట్లు మేలు.

ఇక ఊగడం సంగతి. ట్రైలర్‌కూ నేలకూ మధ్య మెత్తని కమాను పట్టీలు, గాలి టైర్లు ఉన్నంతకాలం లోపల అడుగు వేసిన ప్రతిసారీ అది కొంత కదలక తప్పదు. రెండు ఇరుసులున్న ట్రైలర్లలో ఒకే వైపు ఒకదాని వెనక ఒకటిగా ఉండే రెండు టైర్ల మధ్య సందులో అమర్చే మరొక రకం చాక్ దీన్ని తగ్గిస్తుంది. కత్తెరలా మడత విప్పుకునే ఈ ఇనుప సాధనం పానాతో బిగిస్తే రెండు టైర్లనూ చెరోవైపు నొక్కుతుంది. దీని పనితీరు ముచ్చటైనది. రెండు చక్రాలు ముందుకు దొర్లాలంటే, ముందు టైరు వెనక భాగం పైకి, వెనక టైరు ముందు భాగం కిందికి కదలాలి. ఎదురెదురుగా కదలబోయే ఆ రెండు ముఖాల మధ్య బిగిసిన సాధనం రాపిడితో రెండింటినీ ఆపేస్తుంది. అయినా దీన్ని నేల మీది దిమ్మకు బదులుగా వాడకూడదు. ఎండకు టైర్లలో గాలి వ్యాకోచించి, రాత్రి చలికి సంకోచించడం వల్ల దాని బిగువు మారుతుంది కాబట్టి, దాన్ని రోజూ ఒకసారి బిగించి చూడాలి. ఒకే ఇరుసున్న ట్రైలర్‌కు ఇది పనికిరాదు. అక్కడ ఒకే చక్రాన్ని ముందూ వెనకా పట్టుకునేలా మరబోల్టుతో కలిపిన జంట దిమ్మలు వాడతారు.

ట్రైలర్ నాలుగు మూలలా దించే జాకీల మీద ఉన్న అపోహ ఇంతకంటె ప్రమాదకరమైనది. అవి ఊగడాన్ని తగ్గించడానికి నేలను తాకి కొద్దిగా బిగువుగా నిలవవలసినవే గాని, వాహనాన్ని ఎత్తడానికో, సమతలం చేయడానికో ఉద్దేశించినవి కావు. వాటిని అతిగా బిగించి శరీరాన్ని పైకి నెడితే చట్రం మెలిపడడం ఒక నష్టం, టైర్ల మీద భారం తగ్గిపోవడం మరొకటి. దిమ్మ పట్టు అంతా టైరు నేలను నొక్కే బలం మీదనే ఆధారపడి ఉన్నందున, టైరు తేలికైన కొద్దీ దిమ్మ ఉండీ లేనట్టే అవుతుంది.

ఇందువల్లనే పనుల క్రమానికి ఇంత విలువ. ముందుగా పల్లంగా ఉన్న వైపు చక్రాల కింద పలకలు వేసి, వాటి మీదికి నడిపి, కుడి ఎడమలను సమం చేయాలి. తరువాత దిమ్మలు పెట్టి, ట్రైలర్‌ను విడదీసి, నొగ జాకీతో ముందు వెనకలను సమం చేయాలి. మూల జాకీలు దించడం, టైర్ల మధ్య చాక్‌ను బిగించడం చివరి పనులు. బయలుదేరేటప్పుడు ఈ వరస తిరగబడుతుంది: నొగను గుండు మీద కూర్చోబెట్టి, గొళ్లెం వేసి, భద్రతా గొలుసులు తగిలించి, తీగ కలిపిన తరువాతనే నేల మీది దిమ్మలను తీయాలి. టైరు ఒరుసుకుని దిమ్మ రాకపోతే సుత్తితో కొట్టనక్కరలేదు, పికప్‌ను ఒక అంగుళం వెనక్కో ముందుకో కదిపితే అదే వదులవుతుంది. దారిలో టైరు మార్చవలసి వచ్చినా, ట్రైలర్ తగిలించే ఉన్నా సరే, ఎత్తని వైపు చక్రాలకు దిమ్మలు పెట్టకుండా జాకీ వేయకూడదు.

మన పల్లెల్లో ట్రాక్టరు నుంచి విప్పి కళ్లం దగ్గర నిలిపే ట్రాలీ స్వభావం కూడా ఇదే. దాని చుట్టూ పిల్లలు ఆడుకుంటారు గనుక, దానికీ రెండు వాలుదిమ్మలు చేయించి పెట్టుకోవడం రైతుకు భారం కాదు, వడ్రంగికి గంట పని. అమెరికాలో ట్రైలర్ అద్దెకు తీసుకునే కుటుంబాలు తాళంచెవులు అందుకునే ముందే సామానులో కనీసం నాలుగు గట్టి దిమ్మలు ఉన్నాయో లేదో చూసుకోవాలి. లేకపోతే అడిగి తీసుకోవాలి, ఇవ్వనంటే దారిలో మొదటి దుకాణంలో కొనుక్కోవాలి. అవి లేకుండా ఏ వాలు మీదా ట్రైలర్‌ను విడదీయవద్దు.