రంగు తర్వాత.. ముందు రేకు!

పాత అంబాసిడర్ కొని ముస్తాబు చేయించాలనుకునేవాళ్లు మొదట మాట్లాడేది రంగు గురించే. ఆ తర్వాత క్రోమ్ బంపర్లు, సీటు కవర్లు. ఖర్చు మొదలవ్వాల్సింది మాత్రం తలుపుల కింద, ఎవరూ వంగి చూడని సిల్స్ దగ్గర.

1958లో రోడ్డెక్కి, 2014 దాకా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారైన ఈ కారుకు లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ లేదు. దీని మాతృక అయిన బ్రిటన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 లాగే ఇదీ మోనోకాక్. ఫ్లోరు, సిల్స్, పిల్లర్లు, టాపు కలిసి బరువు మోస్తాయి. మూత లేని చెప్పుల డబ్బాను మెలితిప్పితే ఇట్టే తిరుగుతుంది, మూత అతికిస్తే మొరాయిస్తుంది. సిల్ బలమూ అలాంటిదే. నాలుగు పక్కలా మూసి ఉన్నంతవరకే అది మెలికను ఆపగలదు. తుప్పు ఒక అంచును పొడవునా తినేసిందంటే, మిగిలిన రేకు ఎంత మందంగా ఉన్నా ఆ శక్తి చాలావరకు పోయినట్టే.

కొనేముందే పరీక్షించండి. సిల్ అడుగున స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి. పైన రంగు నిగనిగలాడుతున్నా మొన లోపలికి దిగి, గోధుమరంగు పొడితో పాటు పుట్టీ పెచ్చులు రాలాయంటే లోపల రేకు లేనట్టే. ముందుచక్రం పక్కన జాకీ వేసి ఎత్తి తలుపు మూసి చూడండి. లాక్ అందకపోతే బాడీ వంగుతోంది. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో తిరిగిన బండైతే ఈ పరీక్ష తప్పనిసరి. పాత మోడళ్లలో ముందు సస్పెన్షన్ టార్షన్ బార్ల వెనుక కొసలు ఫ్లోరు కింది క్రాస్ మెంబర్‌లోనే బిగుసుకుని ఉంటాయి. అక్కడి తుప్పును ఏ ధరకూ ఉపేక్షించకూడదు.

టింకరింగ్‌లో అసలు నేర్పు కోతకు ముందే కనపడాలి. కారును స్టాండ్ల మీద లెవెల్‌గా నిలిపి, తలుపు ఖాళీల్లో, తలుపు మూతకు అడ్డురాకుండా లోపలి పక్కగా, పిల్లరుకూ పిల్లరుకూ మధ్య ఇనుప పైపులు తాత్కాలికంగా వెల్డ్ చేయాలి. ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క ముట్టుకోవాలి. కొత్త సిల్‌ను ముందు అక్కడక్కడా టాకులతో నిలిపి, పైపులు తీయకుండానే తలుపు బిగించి సందులు చూసుకోవాలి. సరిపోయాకే పూర్తి వెల్డింగ్. ఈ ఓపిక లేని షెడ్డుకు బండి ఇవ్వకండి. వంకరగా వెల్డయిన షెల్‌ను సరిచేయాలంటే మళ్లీ కోయాల్సిందే.

అదనపు బిగువు కోసం ర్యాలీ కార్లవాళ్లు ఫ్యాక్టరీ స్పాట్ వెల్డుల మధ్య చిన్న చిన్న అతుకులు వేస్తారు. ఒకేచోట ఆపకుండా వేస్తే వేడికి రేకు వంగుతుంది గనుక, చోటు మార్చుకుంటూ చల్లారనిస్తూ వేయాలి. ఇంటి కారుకు సస్పెన్షన్ బిగించే చోట్ల, సిల్ పిల్లరును కలిసే చోట వేయిస్తే చాలని నా అభిప్రాయం. బలం పేరుతో మందపాటి ప్లేటు వేయించకండి. పల్చటి రేకు దాని అంచు దగ్గరే చిట్లుతుంది.

రంగు వేసే ముందు సిల్ అడుగున నీళ్లు కారే కన్నాలు తెరిచి ఉన్నాయో లేదో మీరే వంగి చూడండి. పుట్టీతో మూసేసి ఉంటే తెరిపించండి. రంగు ఆరాక సిల్ లోపల వ్యాక్స్ కొట్టించి, ఆ కన్నాలు మళ్లీ పూడలేదని చూసుకున్నాకే బిల్లు కట్టండి.