రైఫిల్ మందు ఎంత కచ్చితంగా కొలవాలి?

2012 జూలై 30న లండన్ ఒలింపిక్స్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో, హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 701.1 పాయింట్లతో కాంస్యం గెలిచాడు. రజతం గెలిచిన ఇటలీ షూటర్ కాంప్రియానికి 701.5 వచ్చాయి. తేడా 0.4. ఆ ఫైనల్లో ప్రతి గుండుకూ దశాంశం దాకా పాయింట్లు లెక్కగట్టారు. అందులో ఒక్కో మెట్టు టార్గెట్ మీద పావు మిల్లీమీటరు. అంటే 0.4 పాయింట్లు ఒక్క మిల్లీమీటరుతో సమానం.

ఆ మిల్లీమీటరు ఎక్కడ పోతుంది? మొదటి కారణం మనిషే. చెయ్యి, చూపు, ఊపిరి ప్రతిసారీ ఒకేలా కుదరవు. వాటిని పక్కన పెట్టినా ఇంకో కారణం మిగులుతుంది. గుండును వెనక నుంచి తోసే శక్తి ప్రతిసారీ ఒకేలా ఉండాలి. లేకపోతే వేగం మారుతుంది. వేగం మారితే టార్గెట్ చేరడానికి పట్టే సమయం మారుతుంది. ఆ సమయంలో గుండు కిందికి జారే దూరమూ మారుతుంది.

ఈ రెండో కారణాన్ని విడదీసి చూడాలంటే బెంచ్‌రెస్ట్ (రైఫిల్‌ను బల్ల మీద ఆనించి కాల్చే పోటీ) మంచి ప్రయోగశాల. అక్కడ చేతి వణుకు దాదాపు ఉండదు. ఐదు గుండ్లు కాల్చి, అవి ఎంత దగ్గరగా పడ్డాయో కొలుస్తారు. 2013లో అమెరికా షూటర్ మైక్ స్టినెట్ 100 గజాల దూరంలో కాల్చిన ఐదు గుండ్ల మధ్య దూరం 0.0077 అంగుళాలు. మన లెక్కలో 0.2 మిల్లీమీటర్లు. చూడ్డానికి ఒకే రంధ్రంలా ఉంటుంది. అది రికార్డు. మామూలుగా గెలిచేవాళ్లు కాల్చిన గుండ్ల గుంపులు 5 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటాయి.

ఈ పోటీలో చాలామంది తూటాలు తామే నింపుకుంటారు. ఒక్కో తూటాకు పట్టే మందు రమారమి 2 గ్రాములు. దాన్ని గ్రెయిన్లలో (ఒక గ్రెయిన్ సుమారు 65 మిల్లీగ్రాములు) లెక్కిస్తారు. పదో వంతు గ్రెయిన్ తేడా వస్తే గుండు వేగం సెకనుకు 2 నుంచి 3 మీటర్లు మారుతుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. 100 గజాల పోటీలో గుండు వేగం సెకనుకు దాదాపు 1,000 మీటర్లు. టార్గెట్ చేరడానికి సెకనులో పదో వంతు కూడా పట్టదు. ఆ లోపు 4 సెంటీమీటర్లకు కొంచెం పైగా జారుతుంది. వేగంలో 3 మీటర్ల తేడా వల్ల ఆ జారుడులో వచ్చే మార్పు పావు మిల్లీమీటరే. 5 మిల్లీమీటర్ల గుంపులో అది కనపడదు. అక్కడ గుంపును చెదరగొట్టేది గాలి.

అదే వేగంతో బయలుదేరిన గుండు 1,000 గజాలకు వెళ్లాలంటే కథ వేరు. దూరం పదింతలే. కానీ దారిలో గాలి రాపిడికి గుండు మందగిస్తుంది కాబట్టి ప్రయాణం దాదాపు ఒకటిన్నర సెకను, అంటే సుమారు పదిహేను రెట్లు పడుతుంది. జారుడు సమయం వర్గంతో పెరుగుతుంది. కాబట్టి అదే 3 మీటర్ల తేడా ఇక్కడ 6 సెంటీమీటర్లకు పైగా ఎత్తుపల్లం తెస్తుంది. అందుకే దూరం కాల్చేవాళ్లు సున్నితమైన ఎలక్ట్రానిక్ తక్కెడ ముందు కూర్చుని, 0.02 గ్రెయిన్ల దాకా, దాదాపు ఒక్కో పలుకు వేస్తూ తూస్తారు.

దగ్గర దూరం వాళ్లు చాలామంది అసలు తూయరు. వాళ్ల దగ్గర ఒక చిన్న యంత్రం ఉంటుంది. పైన మందు నింపిన సీసా, కింద గుంట ఉన్న ఉక్కు డ్రమ్ము. పిడి పైకెత్తితే గుంట నిండుతుంది. దించితే మందు తూటా గుల్లలోకి రాలుతుంది. పిడి ఒకసారి మెల్లగా, ఒకసారి దురుసుగా తిప్పితే పలుకులు వేరేలా సర్దుకుంటాయి. డ్రమ్ము అంచు కింద ఒక పలుకు నలిగి తెగితే ఆ చిన్న కుదుపు చేతికి తెలుస్తుంది. అందుకే అనుభవజ్ఞులు ఆ చేతి కదలికనే ముందుగా సాధన చేస్తారు.

తూకం వదిలేయడం వెనక అలసత్వం లేదు. మందు తేమను పీలుస్తుంది. తేమ పట్టిన మందు బరువెక్కుతుంది, కానీ నీరు మండదు. కాబట్టి పొడి రోజున తూచిన 2 గ్రాములూ, ముసురు రోజున తూచిన 2 గ్రాములూ ఒకేలా తోయవు. పైగా కాల్చినప్పుడు బ్యారెల్ కంపిస్తుంది. మూతి ఏ దశలో ఉండగా గుండు బయటపడిందన్నది గుంపును మారుస్తుంది. మందు మోతాదు సరిగ్గా కుదిరితే, కాస్త నెమ్మది గుండు మూతి పైకి లేస్తున్నప్పుడు వెలువడి, ఎక్కువ జారుడును తనే సరిచేసుకుంటుంది. అంటే అసలు గురి సమాన వేగం, సరైన సమయం. బరువు వాటికి ఒక దారి మాత్రమే.

భిలాయి ఉక్కు కర్మాగారంలో డ్యూటీ చేసేవారికి, ఎక్కడ కచ్చితంగా కొలవాలనే ఈ ఆలోచన సులువుగా అందుతుంది. కన్వర్టర్‌లో తుక్కును టన్నుల లెక్కన వేస్తారు. రైలు పట్టాల కోసం కరిగించిన ఉక్కులో మాత్రం హైడ్రోజన్ పది లక్షల భాగాల్లో 1.6 భాగాలు దాటకూడదు. దాటితే పట్టా లోపల సన్న పగుళ్లు వచ్చే ప్రమాదం ఉంది. ఎక్కడ తేడా పెరిగి పెద్దదవుతుందో అక్కడే కొలత బిగుస్తుంది.

మన దేశంలో 1959 ఆయుధ చట్టం ప్రకారం తూటాల తయారీకి లైసెన్సు కావాలి. కాబట్టి మన షూటర్లు ఒకేలా ఉండే గుండ్లను తయారుచేసుకోవడం కన్నా ఎంచుకుంటారు. ఎయిర్ రైఫిల్‌లో మందు ఉండదు. దాని పని రెగ్యులేటర్ (ప్రతిసారీ ఒకే ఒత్తిడితో గాలిని వదిలే మర) చేస్తుంది. సీసపు గుండు బరువు అర గ్రాము, వేగం సెకనుకు సుమారు 170 మీటర్లు. అందులో ఒక్క మీటరు తేడా 10 మీటర్ల దూరంలో 0.2 మిల్లీమీటర్లు, దాదాపు ఒక దశాంశం. గుండు బరువులో ఒక శాతం తేడా వచ్చినా దాదాపు అంతే. లండన్‌లో పతకాల రంగును మార్చిన మొత్తం నాలుగు దశాంశాలే కనుక ఇది చిన్న విషయం కాదు.

50 మీటర్ల పోటీకి ఫ్యాక్టరీ తూటాలే వాడతారు. ఒలింపిక్ స్థాయి షూటర్లు తమ బ్యారెల్‌ను తయారీదారు పరీక్షా కేంద్రానికి తీసుకెళ్తారు. దాన్ని బిగించి, ఒక్కో బ్యాచ్ నుంచి వరుసగా కాలుస్తారు. ఏ బ్యాచ్ గుంపు చిన్నగా వస్తే ఆ నంబరు తూటాలే పెద్దమొత్తంలో కొంటారు. బ్యారెల్ మారితే పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే.