ఆకు పచ్చన, చేయి ఎర్రన

ఆషాఢం వచ్చిందంటే సిద్దిపేట చుట్టుపక్కల పల్లెల్లో ఆడపిల్లలకు మైదాకు సంబురం. కోస్తా వైపు దీన్నే గోరింటాకు అంటారు. ఆకు కోసుకొచ్చి, చింతపండు వేసి, రోట్లో మెత్తగా నూరుతారు. రాత్రి పెట్టుకుని పొద్దున చేతులు చూసుకుంటారు.

"నాది ఎర్రగ పండింది. నాకు మంచి మొగుడొస్తడు!" అంటుంది ఒక పిల్ల. పండని పిల్ల ముఖం చిన్నబోతుంది. పాపం, రాబోయే మొగుడికీ ఈ రంగుకూ సంబంధమే లేదు. తేడా అంతా ఆకులో, చర్మంలో, పెట్టే తీరులో ఉంది.

పచ్చని ఆకులో ఎరుపు ఎక్కడిది? ఆకులో లాసోన్ అనే రంగు పదార్థం దాగి ఉంటుంది. చెట్టు మీది ఆకును ముట్టుకుంటే చేయి పండదు. నూరితే ఆకు చితికి రంగు బయటికి వస్తుంది. చింతపండు, నిమ్మరసం లాంటి పులుపు అందుకు సాయం చేస్తుంది.

మన చర్మం పైపొరలో, గోళ్లలో, వెంట్రుకల్లో కెరటిన్ అనే పదార్థం ఉంటుంది. లాసోన్ దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. అందుకే కడిగినా రంగు పోదు. పాత చర్మం రాలిపోయే కొద్దీ పోతుంది. గోటి మీది రంగయితే గోరు పెరిగి కత్తిరించేదాకా ఉంటుంది. అరచేతిలో, అరికాలిలో చర్మం మందం. అక్కడ బాగా పండుతుంది. చేతి వెనుక అంతగా పండదు.

మైదాకు తీసిన వెంటనే నారింజ రంగే కనబడుతుంది. దిగులు పడొద్దు. గాలి తగిలి ఒకటి రెండు రోజుల్లో అదే ముదురుతుంది. శుక్రవారం పెళ్లయితే మంగళవారం రాత్రే పెట్టాలె. ముందు చేతులకు నూనె జిడ్డు లేకుండా కడగాలి. ఆకు ఎండితే రంగు దిగడం ఆగుతుంది. అందుకే నిమ్మరసంలో చక్కెర కలిపి పైన అద్దుతారు. పొద్దున నీళ్లతో కడగకుండా గీకి తీయాలి. ఆ పూట చేతులు తడపకపోతే మంచిది. పెళ్లింట్లో అది కుదిరే పనేనా అంటారా? పెళ్లికూతురికైనా కుదరాలి.

తొందర ఉన్నవాళ్లు నల్ల మైదాకు కోన్లు కొంటారు. "గంటలో నల్లగ పండుతది" అని అమ్ముతారు. ఒట్టి మైదాకు గంటలో నల్లబడదు. ఎంత ముదిరినా ముదురు గోధుమ రంగే వస్తుంది. గంటలో నల్లబడిందంటే అందులో తలకు వేసే రంగు మందు కలిపి ఉండొచ్చు. ఆ మందు పేరు పీపీడీ. అది పడనివాళ్లకు దురద పెడుతుంది, బొబ్బలు లేస్తాయి, మచ్చలు మిగులుతాయి. ఒకసారి పడకపోతే తర్వాత తలకు రంగు వేసుకున్నా ముఖం వాయవచ్చు.

పసిపిల్లలకు ఒట్టి మైదాకు కూడా పెట్టొద్దు. కొందరికి పుట్టుకతోనే నెత్తురులో జీ6పీడీ అనే పదార్థం తక్కువ ఉంటుంది. లాసోన్ చర్మం గుండా ఒంట్లోకి పోతే అలాంటి పిల్లల నెత్తురులోని ఎర్ర కణాలు చితికిపోతాయి. మైదాకు పెట్టాక బిడ్డ ఒళ్లు పాలిపోయినా, కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే దవాఖానకు తీసుకుపోవాలి. మైదాకు పెట్టిన సంగతి డాక్టరుకు చెప్పాలి.